కడగని గాయానికి కట్టు

నా చిన్నప్పుడు నా నోటి నుంచి రోజుకు ఎక్కువసార్లు వచ్చిన మాట 'ఛీ'. పాల మీద మీగడ తేలితే ఛీ, బస్సులో పక్కావిడ చెమట తగిలితే ఛీ, మా తమ్ముడు ముక్కు చీదితే వరసగా మూడు ఛీలు. మా అమ్మ నన్ను 'ఛీ మహారాణి' అని పిలిచేది. ఆ గుణం పోయిందని అబద్ధం చెప్పను. ఇప్పటికీ ఎల్బీనగర్ చౌరస్తాలో ఫ్లైఓవర్ స్తంభాల మీద ఎర్రటి ఉమ్ములు కనబడితే నా ముక్కు తనంతట తానే పైకి లేస్తుంది. మా మనవరాలు నా మొహం చూసి పగలబడి నవ్వుతుంది. కాకపోతే, ఆ మాట అనేసిన వెంటనే ఒక్క క్షణం ఆగి నన్ను నేను ఒక ప్రశ్న అడుక్కుంటాను. ఆ ప్రశ్న నాకు మా పక్కింటి అక్క ఇచ్చింది. ఇచ్చిన చోటు కోళ్ళ కొట్టం.

అప్పుడు నాకు పదకొండేళ్ళు. మా వాళ్ళు నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి సరూర్‌నగర్ చెరువు దగ్గర ఒక గల్లీలో రెండు గదులు కిరాయికి తీసుకున్నారు. మా నాయిన దవాఖానలో డ్రెస్సరు. గాయాలు కడగడం, మందు పెట్టడం, కట్టు కట్టడం ఆయన పని. చీము చూసినా పురుగు చూసినా ఆయన మొహంలో ఒక్క గీత కదిలేది కాదు. నాకు మాత్రం ఆయన ఇంటికి వచ్చి చేతులు కడుక్కునేదాకా దగ్గరికి పోవాలంటే ఒళ్ళు జలదరించేది. అయినా కట్టు కట్టడం మాత్రం చూసి చూసి నేర్చుకున్నాను, ఎందుకంటే అది శుభ్రంగా కనిపించే పని. ప్లాస్టరు అంటించాక నాయిన దాని చివర గోరంత మడిచి వదిలేవాడు. రేపు విప్పేటప్పుడు ఆ కొస పట్టుకుని లాగితే రోగికి నొప్పి ఉండదని. మా గల్లీలో అలా మడిచేది ఆయన, ఆయన్ను చూసి నేను, అంతే.

ఆ ఏడు నాయిన పని చేసే దవాఖాన మూతబడింది. కొన్ని నెలలు ఇంట్లో జొన్న గటక, పచ్చిపులుసుతో గడిచాయి. చివరికి ఎల్బీనగర్‌లో కొత్తగా దవాఖాన పెట్టిన ఒక డాక్టరు పిలిచాడు. ఇప్పుడంటే అక్కడ తల పైకెత్తితే మెట్రో, కిందికి దించితే మనుషుల తొక్కిడి. అప్పుడు చౌరస్తా దాటితే తుమ్మచెట్లు, జొన్నచేలు. ఆ పల్లెల్లో మంచం దిగలేని రోగులకు ఇంటికే వెళ్ళి కట్లు కట్టే మనిషి కావాలట. సొంత బండి ఉండాలి. సోమవారం పొద్దున బండి మీద వస్తే ఉద్యోగం, రాకపోతే వేరే మనిషి సిద్ధంగా ఉన్నాడు. డాక్టరు మంచివాడే గానీ మాట మాత్రం అంతే.

మాకు బండి లేదు. లేదంటే అసలు లేదని కాదు. మా పెద్దనాన్న ఊరు మారినప్పుడు వదిలేసిపోయిన మోటారు సైకిలు ఒకటి ఇంటి ఓనరమ్మ కోళ్ళ కొట్టంలో రెండేళ్ళుగా పడి ఉంది. "నువ్వే వాడుకో తమ్మీ" అని పెద్దనాన్న కార్డు రాశాడు. నాయిన గోనెసంచి పట్టా తీసిన రోజు నేను గడపలో నిలబడి చూశాను. చూడకపోతే బాగుండేది. సీటు మీద కోళ్ళు ఎన్నాళ్ళుగా పడుకున్నాయో, రెట్టలు అట్టలు కట్టి సున్నం కొట్టినట్టు ఉన్నాయి. సీటు ఎత్తితే లోపల ఎలుక గూడు. దూది, వెంట్రుకలు, పల్లీ పొట్టు, కోడి ఈకలు, మా సండే స్కూలు కాగితం ముక్కలు కూడా ఉన్నాయి. వాటి మధ్య ఏదో మెత్తగా కదిలింది. నేను చెరువు దాకా వినబడేలా ఛీ అని అరిచి ఇంట్లోకి పరుగెత్తాను.

దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద ఒక మెకానిక్ ఉండేవాడు. రెండు రోజులు కూర్చుని ఇంజను కడిగి, ఎట్లాగో స్టార్టు చేశాడు. నాయిన సంబరంగా ఎక్కి బయలుదేరితే మొదటి గుంతలోనే బండి చచ్చిపోయింది. చూస్తే ఫ్యూజు పోయింది. అది ఒక సన్నటి తీగ. బండి కరెంటంతా దాని గుండానే నడుస్తుందట. కొత్తది వేస్తే మళ్ళీ గుంత, మళ్ళీ చావు. మూడోసారి మెకానిక్‌కు విసుగొచ్చి ఫ్యూజు బదులు సిగరెట్టు ప్యాకెట్టులోని వెండి కాగితం చుట్టి కుక్కాడు. ఈసారి ఫ్యూజు పోలేదు. సీటు కింద నుంచి పొగ వచ్చింది. నాయిన నడిరోడ్డు మీద దూకేశాడు. వైరింగు మొత్తం కుళ్ళింది, అంతా మార్చాలి, వారం పడుతుందని మెకానిక్ చేతులెత్తేశాడు. అది శనివారం. ఎప్పుడూ గొంతు పెంచని మా నాయిన ఆ రోజు నలుగురి ముందు అతన్ని నానా మాటలు అని, బండిని దిల్‌సుఖ్‌నగర్ నుంచి తోసుకుంటూ వచ్చాడు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. ఆ వారమంతా నేను బండి దగ్గరికి పోలేదు. కంపు అన్నాను, వాంతి వస్తోందన్నాను. ఛీ మహారాణి కదా, అందరూ నమ్మారు. అసలు సంగతి వేరే. అంతకుముందు క్రిస్మస్‌కు మా చర్చి పిల్లలు పాటలు పాడుతూ ఇంటింటికీ తిరిగేటప్పుడు ముందు పట్టుకునే కాగితం నక్షత్రం నా వంతుకు వచ్చింది. అందరి నక్షత్రాల్లోనూ కొవ్వొత్తి. నాకు మాత్రం అందులో టార్చి బల్బు వెలగాలని పట్టుదల. సెల్లులు దొరికాయి, బల్బు దొరికింది, వైరు లేదు. కోళ్ళ కొట్టంలో చచ్చిపడిన బండికి వైరుతో పనేముందని, ముక్కు మూసుకుని, సీటు కింద చెయ్యి పెట్టి, వెనక బ్రేకు లైటుకు పోయే వైరును బ్లేడుతో మూరెడు కోసుకున్నాను. తర్వాత భయమేసింది. పెద్దనాన్న వస్తే చూస్తాడేమోనని, తెగిన కొసకు నాయిన ప్లాస్టరు చుట్టి లోపలికి తోసేశాను. ఆ ఏడు నా నక్షత్రం చూసి పాస్టరుగారు అందరిలో మెచ్చుకున్నారు. నేను తల ఎత్తుకుని నడిచాను.

అందుకే పొగ వచ్చిందన్నప్పుడు నాకు ముందుగా ఆ తెగిన కొసే గుర్తొచ్చింది. చెప్పేస్తే ఒక దెబ్బ, చెప్పకపోతే నాయిన ఉద్యోగం. నేను పోల్చి చూసుకోలేదు. నాకు దెబ్బ ఒక్కటే కనిపించింది.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. కోస్తా వైపు నుంచి వచ్చారు, తనూ వాళ్ళమ్మా. అక్క ఊరి చివర రేడియోలు చేసే ఫ్యాక్టరీలో వైర్లకు టాంకా పెట్టే, అంటే సీసం కరిగించి అతికే పని చేసేది. రోజూ గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లటి చీరలో, మల్లెపూల దండతో ఫ్యాక్టరీ బస్సెక్కేది. నా లెక్కలో మా గల్లీలో శుభ్రంగా ఉన్న మనుషులు ఇద్దరే, తనూ నేనూ. ఒకసారి టాంకా పెట్టే కడ్డీ తగిలి ఆమె చూపుడువేలు కాలితే నేనే మందు రాసి ప్లాస్టరు వేశాను. చివర మడత చూసి ఆమె ముచ్చటపడింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి నాయిన కొట్టం ముందు తల పట్టుకుని కూర్చున్నాడు. అమ్మ కళ్ళు ఒత్తుకుంటోంది. అక్క గోడ మీద నుంచి చూసి, చిన్న సంచీ పట్టుకుని ఇటు వచ్చింది.

"అన్నయ్యగారూ, నేనొకసారి చూడనా?"

"నీకెందుకు చెల్లె గీ కంపు? చీరంత ఖరాబైతది."

"చీర ఉతుక్కోవచ్చులెండి," అని కొంగు నడుముకు బిగించి ఆ రెట్టల మధ్య చతికిలబడింది. ఆ తెల్లచీర చూసి నాకే ఏడుపొచ్చింది. ఆదివారం పూట ఇనుము పనేమిటని అమ్మ గొణిగింది గానీ, గుంతలో పడ్డ గొడ్డును ఆదివారమని వదిలేస్తామా అని నాయిన అనడంతో ఊరుకుంది.

అక్క వెండి కాగితాన్ని ఊడపెరికి, నాయిన వైపు కూడా చూడకుండా దూరంగా పారేసింది. ఇంజనుకు పోయే వైరు విప్పి పక్కన పెట్టింది. తర్వాత హెడ్‌లైటు విప్పితే అద్దం వెనక ఎండిపోయిన బల్లి ఉంది. రెండు వేళ్ళతో తీసి, పాత పేపరు మీద పెట్టి, మా అమ్మ పువ్వులు ఏరుకున్నంత మామూలుగా పని సాగించింది. ఆ హెడ్‌లైటు బల్బును రెండు వైర్ల ముక్కలతో ఫ్యూజు ఉండాల్సిన చోట కలిపి, తాళంచెవి తిప్పింది. బల్బు భగ్గున వెలిగింది. నాయిన ముఖం కూడా వెలిగింది.

"సంతోషించకండి అన్నయ్యగారూ. ఇది వెలిగితే తప్పున్నట్టు. కరెంటు ఎక్కడో దారి తప్పి బండి ఇనుముకు తగులుతోంది. ఎక్కడ కదిపితే ఈ బల్బు ఆరిపోతుందో, రోగం అక్కడున్నట్టు."

రోగం అనగానే నాయినకు అర్థమైపోయింది. నేను ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని గడపలో కూర్చుని ఉంటే అక్క నన్ను పిలిచి బల్బు మీద కన్ను వేసి ఉంచమంది. ఆరితే చెప్పాలి. తప్పించుకునే దారి లేదు.

ఆమె ముందు నుంచి మొదలుపెట్టి వైర్లన్నీ అంగుళం అంగుళం తడుముకుంటూ వచ్చింది. ఎంతమంది మెకానిక్‌లు ఎన్నేళ్ళుగా చేసిన పాపమో అది, టేపు మీద టేపు, దాని మీద మళ్ళీ టేపు. ఎండకు కరిగి ముదురు బెల్లప్పాకంలా వేళ్ళకు అంటుకుంటోంది. పైన బాగానే ఉంది గదా, గట్లనే ఉంచరాదా అని నాయిన అన్నాడు. ఆమె వినలేదు. ప్రతి టేపూ విప్పింది, తుడిచింది, చూసింది. బల్బు వెలుగుతూనే ఉంది. ట్యాంకు కింద అయిపోయింది. ఇక సీటు కింద. ఎలుక గూడును నాయిన తీసేశాడు గానీ మూలల్లో మురికి అలాగే ఉంది.

ఒకచోట ఆమె చెయ్యి ఆగింది. బల్బు ఒక్కసారి రెప్ప కొట్టింది. నేను చెప్పలేదు. ఆమె వంగి లోపలికి చూసింది. తర్వాత తన చూపుడువేలి మీద ఉన్న పాత మచ్చను చూసుకుని, నా వైపు చూసింది.

చెయ్యి నెమ్మదిగా బయటకు తీసి, "అన్నయ్యగారూ, కొత్త నల్లటేపు కావాలండి, దిల్‌సుఖ్‌నగర్‌లో దొరుకుతుందేమో," అంది. నాయిన సైకిలు తీసుకుని వెళ్ళాడు. అమ్మ పొయ్యి దగ్గరికి పోయింది. కొట్టంలో నేనూ, ఆమే, వెలుగుతున్న బల్బూ.

"ఇలా రా. ఇక్కడ చెయ్యి పెట్టు."

"ఛీ అక్కా, కంపు."

"కంపని నాకూ తెలుసే. నువ్వు భయపడుతోంది కంపుకా, కట్టుకా?"

ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది, ఏడ్చి తప్పించుకునేదాన్ని. ఆమె పక్కకు జరిగి చోటిచ్చింది. నేను చేతిరుమాలు కింద పెట్టి లోపలికి చెయ్యి పెట్టాను. ఎలుక పెంటికలు వేళ్ళకు తగిలాయి. వెంట్రుకలు తగిలాయి. తర్వాత తడిగా, మెత్తగా, చచ్చిన వేలు లాంటిది ఒకటి దొరికింది. నా ప్లాస్టరు. వానలకు నాని, మళ్ళీ ఎండి, మళ్ళీ నాని, నల్లటి బూజు పట్టి చీకిపోయింది. ఒక పక్క చిరిగి లోపలి రాగి తీగ బండి ఇనుముకు ఆనుకుని ఉంది. అంతా కుళ్ళినా చివర మడత మాత్రం అలాగే ఉంది. ఆ కొస పట్టుకుని లాగాను. మా నాయిన చెప్పినట్టే ఏ నొప్పీ లేకుండా వచ్చేసింది. లోపల తీగ మీద పచ్చటి పొడి, చీము లాగా. దాన్ని ఇనుము నుంచి పక్కకు జరపగానే బల్బు ఆరిపోయింది.

నాకు అసహ్యం వేసింది. ఎలుక మీద కాదు, బల్లి మీద కాదు. తల ఎత్తుకుని నక్షత్రం పట్టుకుని నడిచిన నా మీద నాకు అసహ్యం వేసింది. వారం రోజులుగా ముక్కు మూసుకుని నటించిన నా మొహం తలుచుకుంటే అంతకన్నా కంపు గొట్టేది ఆ కొట్టంలో ఏదీ లేదు. పక్కకు వెళ్ళి నిజంగానే వాంతి చేసుకున్నాను. అక్క నా వీపు నిమిరి, ఎవరికీ తను చెప్పబోవడం లేదనీ, చెప్పడం తన పని కాదనీ మాత్రం అంది. తర్వాత తీగను బ్లేడుతో మెరిసేదాకా గీకి, తన సంచీలోని వైరు ముక్క కలిపి, టాంకా పెట్టింది.

నాయిన టేపు తెచ్చాడు. కొత్త ఫ్యూజు వేశారు. కిక్కు కొడితే బండి పలికింది. చెరువు కట్ట దాకా వెళ్ళి, దారిలో ఒక్క గుంత కూడా వదలకుండా దింపి, తిరిగి వచ్చాడు. ఆగలేదు. అమ్మ దేవునికి స్తోత్రం అంది. నాయిన బండి దిగి, తెగిన వైరు సంగతి విని, నవ్వుతూనే పళ్ళు కొరికాడు.

"గాడే కోసిండు. పని పెంచుకునేతందుకు గా మెకానిక్‌గాడే కోసిండు. రేపు పొద్దుగాల పోయి పదిమందిల నిలబెట్టి అడుగుత. మల్ల గా రోడ్డు మీద దుకాణం పెట్టకుండ చేస్త."

అక్క కుళాయి దగ్గర చేతులు రుద్దుకుంటోంది. తల ఎత్తలేదు. పని మళ్ళీ నా దగ్గరికి వచ్చిందని నాకు తెలిసింది. పేపరు మీద బల్లి పక్కన నా ప్లాస్టరు ఉంది. దాన్ని తీసుకెళ్ళి నాయిన చేతిలో పెట్టాను. స్టార్‌కు వైరు కావాలని నేనే కోశానని చెప్పాను.

నాయిన దాన్ని అటూ ఇటూ తిప్పాడు. మడత కొసను బొటనవేలితో తడిమాడు. దవాఖానలో పాత కట్టు విప్పినప్పుడు చూసినట్టే ముక్కు దగ్గర పెట్టి వాసన చూశాడు. నేను చెంప దెబ్బకు సిద్ధంగా నిలబడ్డాను. దొంగతనం గురించి అడగలేదు. ఉద్యోగం గురించి అడగలేదు.

"కడగకుండ కట్టు కట్టినవా బిడ్డా?" అన్నాడు.

అంతే. దెబ్బ పడితే సాయంత్రానికి మరిచిపోయేదాన్ని.

సోమవారం పొద్దున్నే నన్ను వెనక ఎక్కించుకుని దిల్‌సుఖ్‌నగర్ తీసుకెళ్ళాడు. మెకానిక్ చుట్టూ శనివారం లాగే నలుగురైదుగురు ఉన్నారు. నాయిన బండి దిగి, ఆ నలుగురికీ వినబడేలా, "తమ్మీ, మొన్న నిన్ను అన్న మాటలు తప్పు. తప్పు మా ఇంట్లదే," అన్నాడు. 'నా పిల్ల తప్పు' అనలేదు. నా వైపు తిరిగి చూడలేదు. మెకానిక్ నూనె చేతులు బట్టకు తుడుచుకున్నాడు. "నేను గూడ గా సిగరెట్ కాయితం పెట్టుడు తప్పే అన్నా. బండి కాలిపోతుండె," అన్నాడు. నాయిన నన్ను బడి దారిలో దింపి ఎల్బీనగర్ వైపు వెళ్ళిపోయాడు. ఆ బండి మీదే ఏళ్ళ తరబడి ఆ పల్లెలు తిరిగాడు.

అక్కకు పెళ్ళయి వేరే ఊరు వెళ్ళిపోయింది. ఎక్కడుందో తెలియదు. ఆమె అడిగిన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. మనిషి ఛీ అనగానే ఎంత శుభ్రమైన మనిషో అని లోకం అనుకుంటుంది. నాకు మాత్రం అంత గట్టిగా ఛీ అన్నవాళ్ళను చూస్తే సీటు కింద ఏముందో అనిపిస్తుంది. ముందుగా నన్ను నేను చూసుకున్నా అదే అనిపిస్తుంది.

మొన్నీమధ్య వనస్థలిపురంలో మా ఇంట్లో ఎవరో మా పెద్ద తోటికోడలి మాట ఎత్తారు. ఛీ, ఆమె ఊసెత్తకండి అన్నాను. మా అత్తమ్మ చివరి రోజుల్లో దవాఖానలో ఉంటే చూడటానికి కూడా రాలేదని పదేళ్ళుగా చుట్టాలందరికీ చెబుతూ వచ్చాను. అందరూ నమ్మారు. ఆ రోజు మాత్రం ఛీ అన్నాక అలవాటుగా నోరు మూసుకున్నాను. కంపుకా, కట్టుకా అని అడుక్కున్నాను. ఆమెకు కబురు పంపుతానని మా ఆయనతో చెప్పి, ఏదో చిన్న పంతానికి పంపనిది నేనే.

మర్నాడు ఆటో ఎక్కి నాగోల్ వెళ్ళాను. ఆమె తలుపు తీసి, నన్ను చూసి, గొళ్ళెం మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడింది. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. "తప్పు నాదే అక్కా, కబురు పంపలేదు నేను," అన్నాను. ఆమె గొళ్ళెం వదిలేసి, చెప్పులు అక్కడ విప్పి లోపలికి రమ్మంది.